ఫ్రాంజ్ లిస్ట్

ఫ్రాంజ్ లిస్ట్ (అక్టోబర్ 22, 1811 – జూలై 31, 1886) హంగేరీకి చెందిన సుప్రసిద్ధ పియానో విద్వాంసుడు, స్వరకర్త, వాద్యబృంద నిర్దేశకుడు, సంగీతోపాధ్యాయుడు. హంగేరియన్ల ఆచారం ప్రకారం ఇంటిపేరు ముందుగా వస్తుంది కాబట్టి స్వదేశంలో ఇతడిని లిస్ట్ ఫెరెంట్స్ అని వ్యవహరిస్తారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీత చరిత్రలో రొమాంటిక్ యుగంగా పేర్కొనే 19వ శతాబ్దపు ప్రముఖులలో ఇతడు ఒకడు. ఒకే ఒక్క కళాకారుడు ఇతరుల సహకారం లేకుండా, పియానో మాత్రమే వాయిస్తూ కచేరీ మొత్తాన్ని నిర్వహించే పద్ధతి ఇతడి వలననే స్థిరపడింది. ఆ పద్ధతికి నేటికీ వాడుకలో ఉన్న రిసైటల్ అనే పేరు కూడా ఇతడి కచేరీ ప్రకటనతోనే ప్రచారంలోకి వచ్చింది. అయితే కీర్తి శిఖరాన ఉన్నప్పుడే, 35 ఏళ్ళ వయసులో, లిస్ట్ వృత్తిగా కచేరీలు చేయడం మానివేశాడు. ఆ తరువాత జీవించిన దాదాపు 39 సంవత్సరాలను స్వరరచనకు, ఇతరుల రచనల ప్రచారానికి, బోధనకు వినియోగించాడు.

బాల్యం

లిస్ట్ అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగమైన హంగేరీ రాజ్యంలోని డోబొర్యాన్ గ్రామంలో జన్మించాడు. జర్మన్ భాషలో రైడింగ్ అని పిలిచే ఈ గ్రామం ప్రస్తుతం ఆస్ట్రియా దేశంలోని బుర్గెన్‌లాండ్ రాష్ట్రంలో ఉంది. తండ్రి ఆడమ్ లిస్ట్ ఎస్టర్‌హాజీ రాజవంశీకుల ఎస్టేటులో ఉద్యోగి. గొర్రెల మందల నిర్వహణ, వాటి లెక్కలు చూడడం ఇతడి పని. ఆడమ్ సంగీతాభిమాని. అంతకుముందు ఎస్టర్‌హాజీ ఆస్థాన వాద్యబృందంలో చెల్లో వాయించాడు. హైడన్, హుమ్మెల్ వంటి స్వరకర్తలతో ఇతడికి పరిచయం ఉండేది. తల్లి అన్నా లాగర్. ఇంట్లో మాట్లాడే భాష జర్మన్. లిస్ట్ తనను హంగేరియన్‌గానే భావించుకున్నా హంగేరియన్ భాషలో ధారాళంగా మాట్లాడలేకపోయేవాడు.

తండ్రి వద్ద తొలి పాఠాలు నేర్చుకున్న లిస్ట్ 1820లో షోప్రోన్ పట్టణంలోనూ, ఆ తరువాత పొజోనీ నగరంలోనూ (నేటి బ్రాటిస్లావా) కచేరీలు చేశాడు. పొజోనీలో ఇతడి వాదనం విన్న కొందరు హంగేరియన్ ప్రభువులు ఆ బాలుడి చదువుకు ఆరు సంవత్సరాల పాటు ధనసహాయం చేయడానికి ముందుకు వచ్చారు.

విద్యాభ్యాసం

1822లో లిస్ట్ కుటుంబం వియన్నాకు చేరింది. అక్కడ బీథోవెన్ శిష్యుడైన కార్ల్ చెర్నీ లిస్ట్‌కు పియానో నేర్పాడు. క్రమపద్ధతి లేని వాదనాన్ని చెర్నీ కఠినమైన వ్రేళ్ళ అభ్యాసంతో సరిదిద్దాడు. ఈ పాఠాలకు రుసుము తీసుకోవడానికి ఇతడు నిరాకరించాడు. స్వరరచనలో ఆంటోనియో సాలియేరి గురువు. ప్రచురణకర్త డయాబెల్లీ స్వరపరచిన ఒక వాల్ట్జ్ ఆధారంగా ఆస్ట్రియాలోని 50 మంది స్వరకర్తలు తలా ఒక రూపాంతరం వ్రాయగా, వారిలో బాలుడు లిస్ట్ ఒక్కడే.

1823 డిసెంబరులో తండ్రీకొడుకులు పారిస్ చేరారు. విదేశీయుడన్న కారణంతో పారిస్ సంగీత కళాశాల అధిపతి కెరుబీనీ లిస్ట్‌కు ప్రవేశం నిరాకరించాడు. కెరుబీనీ కూడా ఇటలీ నుండి వచ్చినవాడే కావడం గమనార్హం. ఫెర్డినాండో పాయెర్, ఆంటోన్ రైకాల వద్ద లిస్ట్ ప్రైవేటుగా పాఠాలు చెప్పించుకున్నాడు. 1825లో ఇతడి ఏకైక ఒపేరా డాన్ సాంచ్ పారిస్‌లో ప్రదర్శింపబడింది. అప్పటికి ఇతడి వయసు పద్నాలుగేళ్ళు నిండలేదు.

ఇదే కాలంలో పియానో తయారీదారుడు సెబాస్టియన్ ఎరార్‌తో పరిచయం ఏర్పడింది. ఎరార్ 1821లో పేటెంటు పొందిన కొత్త యంత్రాంగంలో, నొక్కిన మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ నొక్కి అదే స్వరాన్ని పలికించవచ్చు. ఒకే స్వరాన్ని అతివేగంగా పునరావృతం చేయడం దీనివలన సాధ్యమైంది. లిస్ట్ తరువాత వ్రాసిన కష్టతరమైన కృతులలో అనేకం ఈ సౌకర్యంపై ఆధారపడ్డవే.

పారిస్ జీవితం, పగనినీ ప్రభావం

1827 ఆగస్టులో సముద్రతీర పట్టణమైన బూలోన్‌లో తండ్రి టైఫాయిడ్‌తో మరణించాడు. పదిహేనేళ్ళ లిస్ట్ తల్లిని పారిస్‌కు రప్పించుకొని, ధనిక కుటుంబాల పిల్లలకు పియానో పాఠాలు చెబుతూ జీవనం సాగించాడు. శిష్యురాలైన కరోలిన్ ద సాంక్రిక్‌పై ప్రేమ, ఆమె తండ్రి అభ్యంతరం వలన విఫలమైంది. తీవ్రంగా జబ్బుపడిన ఇతడు చనిపోయాడని 1828లో ఒక పత్రిక పొరపాటున వార్త ప్రచురించింది. కచేరీల పట్ల విముఖత, మతచింతన, విస్తారమైన గ్రంథపఠనం ఈ సంవత్సరాలలో కనిపిస్తాయి.

1830 తరువాత ఇతడికి బెర్లియోజ్, షోపాన్‌లతో స్నేహం ఏర్పడింది. షోపాన్ తన మొదటి ఎట్యూడ్‌ల సంపుటిని లిస్ట్‌కు అంకితమిచ్చాడు. 1832 ఏప్రిల్‌లో, పారిస్‌లో కలరా ప్రబలి ఉన్న సమయంలో, ఇటలీకి చెందిన వయొలిన్ విద్వాంసుడు నికోలో పగనినీ కచేరీని లిస్ట్ విన్నాడు. ఒక వాద్యం నుండి అంతవరకు ఎవరూ ఊహించని ధ్వనులను రాబట్టవచ్చునని గ్రహించి, పియానోపై అదే స్థాయిని సాధించాలని నిశ్చయించుకున్నాడు. రోజుకు అనేక గంటల పాటు అభ్యాసం చేశాడు. పగనినీ రచనల ఆధారంగా తరువాత వ్రాసిన ఆరు ఎట్యూడ్‌లలో లా కంపనెల్లా మిక్కిలి ప్రసిద్ధి పొందింది.

మేరీ దగూ, తాల్బెర్గ్‌తో పోటీ

వివాహిత అయిన కౌంటెస్ మేరీ దగూతో లిస్ట్‌కు 1833 ప్రాంతంలో పరిచయం ఏర్పడింది. 1835లో వారిద్దరూ పారిస్ విడిచి జెనీవా చేరారు. అక్కడ కొత్తగా స్థాపించబడిన సంగీత కళాశాలలో లిస్ట్ బోధించాడు. వీరికి బ్లాండీన్ (1835), కొసిమా (1837), డానియెల్ (1839) అనే ముగ్గురు పిల్లలు కలిగారు. స్విట్జర్లాండు, ఇటలీలలో వీరు గడిపిన సంవత్సరాల జ్ఞాపకాలే తరువాత తీర్థయాత్రా సంవత్సరాలు అనే పియానో సంపుటాలకు మూలమయ్యాయి. లిస్ట్ నిరంతర కచేరీ యాత్రల కారణంగా వీరి బంధం సడలి 1844లో తెగిపోయింది. మేరీ దగూ డానియెల్ స్టెర్న్ అనే కలంపేరుతో రచయిత్రిగా పేరు పొందింది.

ఈ మధ్యకాలంలో సిగిస్మండ్ తాల్బెర్గ్ అనే పియానో విద్వాంసుడు పారిస్‌ను ఆకట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అనే వివాదం పత్రికలకెక్కింది. 1837 మార్చి 31న, ఇటలీ శరణార్థుల సహాయార్థం ప్రిన్సెస్ బెల్జియోయోసో తన భవనంలో ఏర్పాటు చేసిన సభలో ఇద్దరూ వాయించారు. ఎవరూ ఓడిపోయినట్లు ప్రకటించబడలేదు. ఆమె కోరికపై లిస్ట్, తాల్బెర్గ్, షోపాన్, చెర్నీ, హెర్జ్, పిక్సిస్ అనే ఆరుగురు కలిసి హెక్సామెరాన్ అనే కృతిని వ్రాశారు.

రిసైటల్ ఆవిర్భావం

ఆ రోజులలో పియానో విద్వాంసుడి కచేరీ అంటే అనేకమంది కలిసి నిర్వహించే సభ. వాద్యబృందం ఒక సింఫనీలోని కొంత భాగాన్ని వాయించేది. గాయకులు ఒపేరా గీతాలు పాడేవారు. మధ్యలో పియానో విద్వాంసుడు రెండు మూడు కృతులు వినిపించేవాడు. ఒక మనిషి ఒక పియానోతో సభను ఆద్యంతం నిలబెట్టగలడని ఎవరూ అనుకోలేదు. పైగా ఆనాటి శ్రోతలు మాట్లాడుకుంటూ, అటూ ఇటూ తిరుగుతూ సంగీతం వినేవారు.

1839లో రోమ్ నగరంలో లిస్ట్ ఇతర కళాకారులెవరూ లేకుండా తానొక్కడే కచేరీ చేశాడు. ఒక లేఖలో ఈ ప్రయోగాన్ని నాటకంలోని స్వగతంతో పోల్చి పరిహాసంగా ప్రస్తావించాడు. మరుసటి సంవత్సరం జూన్ 9న లండన్‌లోని హానోవర్ స్క్వేర్ రూమ్స్‌లో జరిగిన కచేరీని పియానోపై రిసైటల్స్‌గా ప్రకటించారు. ఈ పేరును సూచించినది సంగీత ప్రచురణకర్త ఫ్రెడరిక్ బీల్ అని చెబుతారు. ఆంగ్లంలో ఆ మాటకు కవిత్వాన్ని కంఠస్థంగా చదవడం అనే అర్థం ఉండడం వలన, పియానోపై చదవడమేమిటని కొందరు ఆశ్చర్యపోయారు. ఆనాటి కార్యక్రమంలో బీథోవెన్ పాస్టొరల్ సింఫనీకి లిస్ట్ చేసిన పియానో రూపంలోని భాగాలు, షూబెర్ట్ పాటల పియానో రూపాలు, హెక్సామెరాన్, గ్రాండ్ గాలప్ క్రొమాటిక్ మొదలైనవి ఉన్నాయి.

పేరు కొత్తది కాగా, దానితో పాటు స్థిరపడిన అలవాట్లు మరింత ముఖ్యమైనవి. వాటిలో ప్రధానమైనవి:

* పియానోను వేదికపై అడ్డంగా ఉంచి, మూతను శ్రోతల వైపు తెరవడం. దీనివలన ధ్వని మూతకు తగిలి సభలోకి ప్రసరిస్తుంది. విద్వాంసుడి ముఖం, చేతులు ప్రక్క నుండి కనిపిస్తాయి. పియానోను ప్రక్కకు తిప్పి వాయించే పద్ధతిని అంతకుముందే దుసెక్ అనుసరించాడు. లిస్ట్ కాలంలో అది సర్వసాధారణమైంది.
* స్వరలిపి పుస్తకం లేకుండా కంఠస్థంగా వాయించడం. క్లారా వీక్ (తరువాత క్లారా షూమన్) కూడా దాదాపు ఇదే సమయంలో ఇలా వాయించి విమర్శలకు గురైంది.
* బాఖ్ మొదలుకొని షోపాన్ వరకు వివిధ కాలాల రచనలను ఒకే విద్వాంసుడు వినిపించడం. అంతవరకు విద్వాంసులు ఎక్కువగా తమ సొంత రచనలనే వాయించేవారు.

లిస్ట్ చేసిన కచేరీలన్నీ ఏకవాద్య కచేరీలు కావు. 1840–41లో బ్రిటన్, ఐర్లాండులలో చేసిన యాత్రలో గాయకులు, ఇతర వాద్యకారులు కూడా పాల్గొన్నారు. ఆ యాత్ర ఆర్థికంగా విఫలం కాగా, నిర్వాహకుడి నష్టాన్ని చూసి లిస్ట్ తనకు రావలసిన పారితోషికాన్ని వదులుకున్నాడు.

కచేరీ యాత్రలు

1838లో డాన్యూబ్ నదికి వచ్చిన వరదలలో పెస్ట్ నగరం దారుణంగా నష్టపోయింది. ఇటలీలో ఉన్న లిస్ట్ ఈ వార్త తెలిసి వియన్నాకు వెళ్ళి, బాధితుల సహాయార్థం వరుస కచేరీలు చేశాడు. వీటికి లభించిన ఆదరణే తరువాతి యాత్రలకు నాంది పలికింది. 1839 నుండి 1847 వరకు పోర్చుగల్ మొదలు రష్యా వరకు, ఐర్లాండు మొదలు టర్కీ వరకు సంచరించి, వేయికి పైగా కచేరీలు చేసినట్లు అంచనా. రైలు మార్గాలు ఇంకా విస్తరించని ఆ రోజులలో ఈ ప్రయాణాలలో అధికభాగం గుర్రపు బండ్లపైనే సాగింది.

1840 జనవరిలో పెస్ట్ నగరంలో హంగేరియన్లు ఇతడికి రత్నఖచితమైన ఖడ్గాన్ని బహూకరించారు. సంగీతకారుడికి ఖడ్గమేమిటని ఇతర దేశాల పత్రికలు ఎగతాళి చేశాయి. ఆస్ట్రియా పాలనలో ఉన్న హంగేరియన్లకు మాత్రం అది జాతీయ గౌరవానికి చిహ్నం. 1841 డిసెంబరు నుండి 1842 మార్చి వరకు బెర్లిన్‌లో పది వారాలలో 21 కచేరీలు చేసి, 80 కృతులు వినిపించాడు. వాటిలో 50 కంఠస్థంగా వాయించినవి. నగరం విడిచిన రోజున ఆరు తెల్ల గుర్రాలు పూన్చిన బండిలో ఇతడిని ఊరేగించారు. శ్రోతలు ఇతడి చేతి తొడుగులు, రుమాళ్ళు, తెగిన పియానో తంత్రుల కోసం పోటీ పడేవారు. ఈ ఉన్మాదాన్ని చూసిన కవి హైన్‌రిష్ హైనె 1844లో దానికి లిస్టోమేనియా అని పేరు పెట్టాడు.

ఆర్జించిన ధనంలో చాలా భాగాన్ని లిస్ట్ దానం చేశాడు. బాన్ నగరంలో బీథోవెన్ విగ్రహ స్థాపనకు నిధులు చాలకపోవడంతో తాను సొమ్ము సమకూర్చాడు. ఆ విగ్రహం 1845 ఆగస్టులో ఆవిష్కరింపబడింది. 1842లో అగ్నిప్రమాదానికి గురైన హాంబర్గ్ నగరానికి, కొలోన్ చర్చి నిర్మాణానికి కూడా విరాళాలిచ్చాడు.

వాదన విధానం

లిస్ట్ వాదనం ధ్వనిముద్రణలో లభించడం లేదు. దాని స్వభావాన్ని సమకాలీనుల వర్ణనల నుండి, ఇతడి స్వరలిపుల నుండి ఊహించవలసి ఉంది. వ్రేళ్ళ కదలికకే పరిమితమైన పాత పద్ధతికి భిన్నంగా ఇతడు మణికట్టు, ముంజేయి, భుజముల బలాన్ని కూడా వినియోగించాడు. రెండు చేతులతో ఒకదాని వెంట ఒకటిగా అష్టమ స్వరాలను పలికించడం, మెట్ల వరుసలో ఒక కొస నుండి మరొక కొసకు దూకడం, మూడు చేతులు వాయిస్తున్నాయన్న భ్రమ కలిగించడం ఇతడి రచనలలో తరచుగా కనిపిస్తాయి. కొయ్య చట్రంతో చేసిన ఆనాటి వియన్నా పియానోలు ఈ తాకిడికి తట్టుకోలేక తంత్రులు తెగేవి. అందువలన వేదికపై అదనంగా మరొక పియానోను సిద్ధంగా ఉంచేవారు. 1842లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సభ మధ్యన వేదిక కట్టి రెండు పియానోలను ఎదురెదురుగా ఉంచగా, లిస్ట్ ఒకదాని తరువాత ఒకటి వాయిస్తూ ఇరువైపులా ఉన్న శ్రోతలకు కనిపించాడు.

వాద్యబృందం కోసం వ్రాసిన సంగీతాన్ని పియానోకు మార్చడం ఇతడి మరొక ప్రత్యేకత. ధ్వనిముద్రణ లేని కాలంలో, పెద్ద వాద్యబృందాలు లేని పట్టణాలలో బీథోవెన్ సింఫనీలను, షూబెర్ట్ పాటలను శ్రోతలు విన్నది ఇటువంటి పియానో రూపాలలోనే. ప్రజాదరణ పొందిన ఒపేరా గీతాల ఆధారంగా వ్రాసిన విన్యాసాలు సభలను ఉర్రూతలూగించాయి. అయితే అటువంటి వాటినే పదేపదే కోరే శ్రోతల పట్ల ఇతడికి విసుగు కూడా కలిగింది.

వేదికకు వీడ్కోలు, వైమార్

1847 ఫిబ్రవరిలో కీవ్ నగరంలో ప్రిన్సెస్ కరోలిన్ సైన్-విట్‌గెన్‌స్టైన్‌తో లిస్ట్‌కు పరిచయమైంది. ఆ వేసవిలో కాన్‌స్టాంటినోపుల్‌లో టర్కీ సుల్తాను ఎదుట వాయించి, సెప్టెంబరులో ఎలిసావెట్‌గ్రాద్ పట్టణంలో (నేటి ఉక్రెయిన్‌లోని క్రొపివ్‌నిత్‌స్కీ) వృత్తి విద్వాంసుడిగా చివరి కచేరీ చేశాడు. ఆ తరువాత తన స్వంత లాభం కోసం పియానో కచేరీ చేయలేదు. ధర్మకార్యాలకు, ఆంతరంగిక సభలలో మాత్రమే వాయించాడు. స్వరరచనకు స్థిరమైన జీవితం కావాలన్న కోరిక, నిరంతర ప్రయాణాల అలసట, కరోలిన్ ప్రోత్సాహం ఈ నిర్ణయానికి కారణాలుగా పేర్కొంటారు.

1848లో జర్మనీలోని చిన్న సంస్థానమైన వైమార్‌లో ఆస్థాన సంగీత నిర్దేశకుడిగా స్థిరపడ్డాడు. రాజకీయ కారణాల వలన జర్మనీ నుండి పారిపోయిన రిచర్డ్ వాగ్నర్ రచించిన లోహెన్‌గ్రిన్ ఒపేరాను 1850 ఆగస్టు 28న తొలిసారి ప్రదర్శింపజేశాడు. బెర్లియోజ్ రచనలకు ప్రచారం కల్పించాడు. ఇక్కడనే సింఫానిక్ పోయెమ్ అనే కొత్త సంగీత రూపానికి రూపకల్పన చేశాడు. కవిత, చిత్రం, లేదా కథ ఆధారంగా వాద్యబృందం కోసం వ్రాసే ఏకభాగ రచన ఇది. లిస్ట్ వ్రాసిన 13 సింఫానిక్ పోయెమ్‌లలో 12 వైమార్‌లోనే వెలువడ్డాయి. పియానోకు వ్రాసిన బి మైనర్ సొనాటా 1853లో పూర్తయింది. దాదాపు అరగంట పాటు విరామం లేకుండా సాగే ఈ రచనను స్వరకర్త షూమన్‌కు అంకితమిచ్చాడు. దీనిని బహిరంగంగా తొలిసారి వాయించినది లిస్ట్ కాదు, ఇతడి శిష్యుడు హాన్స్ ఫాన్ బ్యూలో (బెర్లిన్, 1857).

1858 డిసెంబరులో శిష్యుడు పీటర్ కొర్నేలియస్ వ్రాసిన ఒపేరా తొలి ప్రదర్శనలో ప్రతికూలురు అల్లరి చేయగా, లిస్ట్ పదవి నుండి తప్పుకున్నాడు.

రోమ్ జీవితం

కుమారుడు డానియెల్ 1859లో, కుమార్తె బ్లాండీన్ 1862లో మరణించారు. 1861లో తన యాభయ్యవ పుట్టినరోజున రోమ్‌లో కరోలిన్‌తో జరగవలసిన వివాహం, ఆమె పూర్వ వివాహం రద్దు విషయమై తలెత్తిన అభ్యంతరాల వలన చివరి క్షణంలో ఆగిపోయింది. 1865లో లిస్ట్ కాథలిక్ మతంలో ప్రారంభ దశకు చెందిన దీక్షలను స్వీకరించాడు. పూర్తిస్థాయి పురోహితుడు కాకపోయినా అప్పటి నుండి ఇతడిని అబ్బే లిస్ట్ అని వ్యవహరించారు. క్రైస్తవ మత సంబంధమైన బృందగాన రచనలు ఈ కాలంలో అధికంగా వెలువడ్డాయి.

ఉపాధ్యాయుడిగా

1869 నుండి లిస్ట్ ప్రతి సంవత్సరాన్ని రోమ్, వైమార్, బుడాపెస్ట్‌ల మధ్య పంచుకున్నాడు. 1875లో బుడాపెస్ట్‌లో స్థాపించబడిన సంగీత అకాడమీకి ఇతడు మొదటి అధ్యక్షుడు. వైమార్‌లోని ఇంటిలో శిష్యులందరి సమక్షంలో ఒక్కొక్కరి చేత వాయింపజేసి సరిదిద్దేవాడు. నేడు మాస్టర్‌క్లాస్ అని పిలిచే పద్ధతికి ఇది మార్గదర్శకమైంది. పాఠాలకు రుసుము తీసుకొనేవాడు కాదు. వ్రేళ్ళ కసరత్తు ఎవరికి వారు ఇంటివద్ద చేసుకోవాలనీ, తన వద్ద సంగీత భావాన్ని గురించి మాత్రమే నేర్చుకోవాలనీ ఇతడి అభిప్రాయం.

బ్యూలో, కార్ల్ టౌజిగ్, సోఫీ మెంటర్, యూజెన్ దాల్బెర్, మోరిజ్ రోజెంతాల్, ఎమిల్ ఫాన్ సావర్, ఫ్రెడరిక్ లామండ్, అలెగ్జాండర్ సిలోటీ, మార్టిన్ క్రౌజ్ మొదలైనవారు ముఖ్య శిష్యులు. సిలోటీ వద్ద రఖ్మనినోవ్, క్రౌజ్ వద్ద క్లాడియో అర్రావ్ నేర్చుకున్నారు. రోజెంతాల్, సావర్, లామండ్‌ల వాదనం ధ్వనిముద్రణలలో లభిస్తున్నది.

విమర్శలు

లిస్ట్ రచనలలో ఆడంబరం ఎక్కువ, సారం తక్కువ అనే విమర్శ ఇతడి జీవితకాలంలోనే బలంగా వినిపించింది. మొదట అభిమానించిన క్లారా షూమన్ తరువాత తీవ్రంగా వ్యతిరేకించింది. వియన్నా విమర్శకుడు హాన్‌స్లిక్ కూడా ఇతడి రచనలను తిరస్కరించాడు. 1860లో బ్రామ్స్, జోఆఖిమ్ తదితరులు లిస్ట్ వర్గపు సంగీత ధోరణిని ఖండిస్తూ ప్రకటన వెలువరించారు. జోఆఖిమ్ అంతకుముందు వైమార్‌లో లిస్ట్ వద్ద పనిచేసినవాడే.

హంగేరియన్ సంగీతం జిప్సీల సృష్టి అని 1859లో ప్రచురించిన గ్రంథంలో లిస్ట్ ప్రతిపాదించడం హంగేరీలో వివాదానికి దారితీసింది. 20వ శతాబ్ది ఆరంభంలో బేలా బార్టోక్, జోల్టాన్ కొడాయ్‌లు గ్రామాలలో జానపద గీతాలు సేకరించిన తరువాత ఆ ప్రతిపాదన సరికాదని తేలింది. అయినప్పటికీ బార్టోక్ లిస్ట్‌ను తరువాతి సంగీతానికి దారి చూపిన స్వరకర్తగా గౌరవించాడు.

చివరి రోజులు

1881లో వైమార్‌లో మెట్లపై నుండి జారిపడిన తరువాత లిస్ట్ ఆరోగ్యం క్షీణించింది. చివరి సంవత్సరాలలో వ్రాసిన పియానో కృతులు యవ్వనంలోని రచనలకు పూర్తిగా భిన్నమైనవి. నాజ్ గ్రీ (1881) వంటివి క్లుప్తమైనవి, అలంకారాలు లేనివి. బాగటెల్ సాన్ టొనాలిటే (1885) పేరులోనే శ్రుతికేంద్రం లేని రచనగా చెప్పబడింది. వీటి ప్రాధాన్యం ఇతడి మరణానంతరం చాలాకాలానికి గుర్తించబడింది.

1886లో లండన్, పారిస్‌లను దర్శించి, జూలై 19న లక్సెంబర్గ్‌లో చివరిసారిగా శ్రోతల ఎదుట వాయించాడు. కుమార్తె కొసిమా మొదట బ్యూలోను, తరువాత వాగ్నర్‌ను వివాహమాడింది. వాగ్నర్ మరణానంతరం బైరాయిట్ సంగీతోత్సవాన్ని నడుపుతున్న ఆమె కోరిక మేరకు లిస్ట్ అనారోగ్యంతోనే అక్కడికి వెళ్ళాడు. న్యుమోనియా సోకి జూలై 31న అక్కడే మరణించాడు. బైరాయిట్‌లోనే సమాధి చేశారు.

ముఖ్య రచనలు

* ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్‌లు: 12 అభ్యాస కృతులు. 1826లో వ్రాసిన బాల్యరచనలను రెండుసార్లు తిరగవ్రాయగా 1851లో తుదిరూపం వచ్చింది.
* పగనినీ ఎట్యూడ్‌లు: 6
* హంగేరియన్ రాప్సొడీలు: 19. వీటిలో రెండవది మిక్కిలి జనాదరణ పొందింది.
* తీర్థయాత్రా సంవత్సరాలు: మూడు సంపుటాలు
* లీబెస్‌ట్రౌమె (ప్రేమ స్వప్నాలు): 3
* బి మైనర్ పియానో సొనాటా
* పియానో కాన్చెర్టోలు: 2. మొదటిదానిని 1855లో వైమార్‌లో బెర్లియోజ్ నిర్దేశకత్వంలో లిస్ట్ స్వయంగా వాయించాడు.
* ఫౌస్ట్ సింఫనీ, డాంటే సింఫనీ
* మెఫిస్టో వాల్ట్జ్
* బీథోవెన్ తొమ్మిది సింఫనీల పియానో రూపాలు

స్మారకాలు

బుడాపెస్ట్ సంగీత అకాడమీకి 1925లో లిస్ట్ పేరు పెట్టారు. ఇతడి ద్విశత జయంతి సంవత్సరమైన 2011లో బుడాపెస్ట్ అంతర్జాతీయ విమానాశ్రయానికి కూడా ఇతడి పేరే పెట్టారు. రైడింగ్‌లో ఇతడు జన్మించిన ఇల్లు, వైమార్‌లో శిష్యులకు బోధించిన ఇల్లు ప్రదర్శనశాలలుగా ఉన్నాయి.